పదిహేడో నెంబరు హాజరు

ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో నలభై రెండు మంది పిల్లలు. బడి గేటుకి తాళం పడి, పాఠాలు ఫోన్లలోకి మారాక, మూడో వారం గడిచినా లెక్కల టీచరు తెర మీద ఇరవై ఆరు పేర్లకి మించి కనిపించడం లేదు. మిగతా పదహారు మందీ ఏమయ్యారని ఎవరూ గట్టిగా అడగలేదు. ఫోన్ లేనివాళ్ళు అని ఒక్క మాటలో తేల్చేసి, హాజరు పట్టీలో వాళ్ళ పేర్లకి ఎదురుగా రోజూ సున్నాలు చుట్టుకుంటూ పోతున్నారు. ఆ సున్నాలు సగానికి మించితే పేరు కొట్టేయాలని పైనుంచి కాగితం కూడా వచ్చింది.

లెక్కల టీచరుకి పిల్లలు పెట్టిన పేరు భూతద్దం. ఎవరు ఎవరి పేపర్లోకి తొంగిచూశారో దిద్దుతూనే చెప్పేయగలదని ఆ పేరు. అది ఆమె చెవిన పడకపోలేదు. పైకి కోపం నటించినా లోపల కాస్త గర్వంగానే ఉండేది. వంటింట్లో గట్టు మీద చక్కెర డబ్బాకి ఫోన్ ఆనించి, పాత బీరువా తలుపుకి వాళ్ళాయన పూసిన నల్లరంగు మీద సుద్దముక్కతో రాస్తూ పాఠం చెప్పేది. వాళ్ళాయన ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేస్తాడు. ప్రెస్ మూతపడటంతో ఇంట్లోనే ఉంటూ, పాఠం నడుస్తున్నంత సేపూ పిల్లిలా నడుస్తుండేవాడు.

ఆమెకి మొదట అనుమానం తగిలింది పదిహేడో నెంబరు మీద.

పదిహేడో నెంబరంటే కాంట్రాక్టరు గారమ్మాయి. బడి నడిచే రోజుల్లో కిటికీ పక్క బెంచీలో కూర్చుని, లెక్కల పుస్తకం అంచుల నిండా పువ్వులూ పిట్టలూ గీసుకునేది. భిన్నాలంటే బిక్కమొహం వేసేది. అలాంటి పిల్ల ఇప్పుడు ప్రశ్న అడిగి నోరు మూసేలోపు జవాబు టైపు చేసి పంపేస్తోంది. తప్పు పోవడం లేదు. కెమెరా మాత్రం ఎప్పుడూ ఆపేసే ఉంటుంది. మాట్లాడమంటే 'మైకు పనిచేయట్లేదు టీచర్' అని రాస్తుంది.

"మూడు వారాల్లో ఇంత తెలివి ఎక్కణ్ణుంచి ఊడిపడిందంటారు?" అంది టీచరు ఒకరోజు పాఠం అయ్యాక.

"పిల్ల బాగుపడితే సంతోషించాలి గానీ నీకీ బాధేంటి?" అన్నాడు వాళ్ళాయన. "నువ్వు టీచరు కాకుండా పోలీసువి అయ్యుంటే ఈపాటికి ఎస్పీవి అయ్యేదానివి."

"నవ్వండి నవ్వండి. ఎవరో వెనక కూర్చుని చెబుతున్నారు. నాకు వాసన వస్తోంది."

ఆ వాసన ఎక్కడిదో తేల్చాలని మర్నాడు చిన్న ఎర వేసింది. నాలుగు, అయిదు, పదకొండు సెంటీమీటర్ల భుజాలున్న త్రిభుజం చుట్టుకొలత ఎంత అని అడిగింది. కూడికే కదా అని అందరూ టకటకా ఇరవై అని పంపేశారు. తరగతిలో అందరికంటే చురుకైన మందుల షాపు వాళ్ళబ్బాయి కూడా ఇరవై అనే పంపాడు. పదిహేడో నెంబరు నుంచి జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది.

'టీచర్, ఇలాంటి త్రిభుజం ఉండదు. రెండు పొట్టి భుజాలు కలిపి పెట్టినా పొడుగు భుజానికి అందవు.'

టీచరు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. పెద్దవాళ్ళెవరో చెప్పి రాయించినట్టు లేదది. పెద్దవాళ్ళయితే సూత్రం చెబుతారు. ఇది పుల్లలు పక్కపక్కన పేర్చి చూసిన పిల్ల రాసినట్టుంది. దాంతో అనుమానం తగ్గాల్సింది పోయి ఇంకా ముదిరింది.

సాయంత్రం కాంట్రాక్టరు గారింటికి ఫోన్ చేసింది. ఆయన భార్య తీసింది.

"మా అమ్మాయి గురించేనా? ఈమధ్య గదిలోంచి బయటికే రావట్లేదండీ, తలుపేసుకుని ఒకటే చదువు. మావారు కూడా మురిసిపోతున్నారు."

"ట్యూషన్ ఏమన్నా పెట్టించారా?"

"ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే. మార్కులు బాగా వస్తున్నాయి కదా అని."

"బాగా వస్తే అడగాలా టీచర్? రాకపోతే కదా అడగాలి?" ఫోన్ పెట్టేసిన చప్పుడు కాస్త గట్టిగానే వినపడింది.

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. "ఏంటమ్మా, కాంట్రాక్టరు గారింటికి ఫోన్ చేసి ఏవో ఆరాలు తీశావట? ఆయన మన బడి కమిటీలో మనిషి. ఉన్న తలనొప్పులు నాకు చాలవా?"

టీచరు సరేనంది గానీ, కళ్ళల్లో వత్తులు వేసుకుని పదిహేడో నెంబరునే కనిపెడుతూ కూర్చుంది. అందుకు ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఏడాది ప్రతిభా పరీక్షకి తరగతికి ఒక్కరి పేరు పంపాలి. అందులో నెగ్గితే పెద్ద హాస్టలు బళ్ళో చదువు, బస, పుస్తకాలు అన్నీ ఉచితం. పేరు పంపడానికి ఇంకా మూడు వారాలే గడువు. ఇప్పటి మార్కుల ప్రకారం ఆ పేరు పదిహేడో నెంబరుది. రెండో స్థానం మందుల షాపు వాళ్ళబ్బాయిది. ఎవరో రాసిన మార్కులతో కాంట్రాక్టరు గారమ్మాయి ఆ సీటు ఎగరేసుకుపోతే, తను చూస్తూ చూస్తూ సంతకం పెట్టినట్టవుతుంది.

నాలుగు రోజుల తర్వాత పాఠం మధ్యలో పదిహేడో నెంబరు మైకు ఉన్నట్టుండి తెరుచుకుంది. గిన్నెల చప్పుడు, కుళాయి నీళ్ళు ధార కట్టిన చప్పుడు. ఆ వెంటనే ఎవరో ఆడమనిషి గొంతు: "ఫోన్ దించెయ్, అమ్మగారు ఇటే వస్తున్నారు." అంతలో మైకు మూసుకుపోయింది.

టీచరు చేతిలో సుద్దముక్క అలాగే ఆగిపోయింది. సొంతింట్లో చదువుకునే పిల్ల, కన్నతల్లి వస్తోందంటే ఫోన్ ఎందుకు దించుతుంది? 'అమ్మగారు' అనేది పనివాళ్ళు కదా, ఆ ఆడమనిషి ఫోన్ దించమన్నది ఎవరిని?

ఆ మధ్యాహ్నం పదిహేడో నెంబరు పంపిన నోటుపుస్తకం ఫోటోలన్నీ వరసగా తెరిచి, వేళ్ళతో సాగదీసి చూసింది. చేతిరాత కుదురుగా, కాస్త వెనక్కి వాలి ఉంది. ప్రతి లెక్క చివరా చిన్న గీత గీసి, దాని కింద జవాబుని వెనక్కి గుణించి, సరిపోయిందో లేదో చూసుకుని, పక్కన చుక్క పెట్టి ఉంది. ఎవరూ అడగని పని. ఎక్కడో చూసింది ఈ చుక్కని.

బడి మూసేనాటికి దిద్దిన మొదటి పరీక్ష పేపర్ల కట్ట ఇంట్లోనే ఉండిపోయింది. అటక మీంచి దాన్ని దింపించి ఒక్కో పేపరూ తిప్పింది. ముప్ఫైనాలుగో నెంబరు పేపరు దగ్గర చేయి ఆగింది. అదే వాలు, అదే గీత, అదే చుక్క. యాభైకి యాభై.

ముప్ఫైనాలుగో నెంబరు వంటమనిషి కూతురు. తల్లి నాలుగిళ్ళల్లో వంట చేసేది, ఊరి మీద జబ్బు వచ్చి పడ్డాక మూడిళ్ళ వాళ్ళు రావద్దన్నారు. ఆ పేపరు చూడగానే ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది టీచరుకి. ఆ యాభై మార్కులు చూసి అప్పుడు తను నమ్మలేదు. వెనక బెంచీలో కూర్చునే పిల్లకి యాభై ఏంటని స్టాఫ్ రూముకి పిలిపించి, ఒక్కదాన్నే కూర్చోబెట్టి మళ్ళీ రాయించింది. పిల్ల నోరెత్తకుండా మళ్ళీ రాసింది. మళ్ళీ యాభై. మార్కులు వేసి పంపేసింది తప్ప పొరబడ్డానని ఒక్క మాటైనా అనలేదు.

హాజరు పట్టీ తీసి చూసింది. ముప్ఫైనాలుగు ఎదురుగా మొదటి రోజు నుంచీ సున్నాలు. చివరి గడిలో తన చేత్తోనే రాసిన మాట: ఆసక్తి లేదు.

ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. "ఏమైంది?" అని వాళ్ళాయన రెండుసార్లు అడిగాడు. "ఏం కాలేదు, రేపు కాంట్రాక్టరు గారింటికి వెళ్ళొస్తా," అని మాత్రం అంది.

మర్నాడు సైన్సు పాఠం నడిచే వేళకి మాస్కు కట్టుకుని, చేతిలో నాలుగు అభ్యాసం కాగితాలు పట్టుకుని బయల్దేరింది. దుకాణాలన్నీ సగం షట్టర్లు దించి ఉన్నాయి. కాంట్రాక్టరు గారి భార్య వరండాలోనే ఆపేసి, చేతుల మీద శానిటైజరు పోసి, దూరంగా కుర్చీ వేయించింది.

"అమ్మాయిని పిలుస్తారా? ఈ కాగితాలు ఇచ్చి వెళ్ళిపోతాను."

పైనుంచి పదిహేడో నెంబరు మెట్ల మీద ఒక్కో అడుగే వేసుకుంటూ దిగింది. వేళ్ళకి నీలంరంగు అంటుకుని ఉంది.

"సైన్సు పాఠం లేదా ఇప్పుడు?" అంది టీచరు.

"నెట్‌వర్కు పోయింది టీచర్." పిల్ల కళ్ళు తల్లి వైపోసారి, వంటింటి వైపోసారి తిరిగాయి.

"చేతులు కడుక్కోవాలండీ," అంది టీచరు లేస్తూ.

"వెనక కుళాయి ఉంది, ఇలా పక్కనుంచి వెళ్ళండి. లోపల్నుంచి వద్దు, ఏమీ అనుకోకండి, రోజులు అలాంటివి."

ఇంటి పక్క సందులోంచి వెనక్కి వెళితే వంటింటికి ఆనుకుని చిన్న సామాన్ల గది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల గ్యాస్ సిలిండర్ల మధ్య ప్లాస్టిక్ డబ్బా బోర్లించుకుని కూర్చుంది ముప్ఫైనాలుగో నెంబరు. నూనె డబ్బాకి ఆనించిన ఫోన్లో సైన్సు టీచరు ఆకు బొమ్మ గీసి చూపిస్తున్నాడు. మోకాళ్ళ మీద నోటుపుస్తకంలో పిల్ల కూడా అదే ఆకు గీస్తోంది. గుమ్మంలో నీడ పడేసరికి తలెత్తి చూసి రాయిలా బిగుసుకుపోయింది.

వంటింట్లోంచి గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది తల్లి.

"టీచరమ్మా, పిల్లనేమీ అనకండి. నేనే కూర్చోమన్నా. మా ఇంట్లో ఉన్నది నొక్కుల ఫోను, దాంట్లో పాఠాలు రావు."

లెక్కల టీచరు వచ్చే దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూనే వచ్చింది. తీరా నోటి నుంచి వచ్చింది మాత్రం వేరే మాట. "ఇన్నాళ్ళూ పంపినవన్నీ నువ్వు చేసినవేనా?"

పిల్ల లేచి నిలబడింది. "మళ్ళీ చేసి చూపించమంటారా టీచర్?"

టీచరుకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈలోగా పదిహేడో నెంబరు కూడా ఆయాసపడుతూ వచ్చింది. "టీచర్, మా అమ్మకి చెప్పొద్దు. ఇది ఫోన్ దొంగతనం చేయలేదు, నేనే ఇచ్చా. మొదట్లో వాళ్ళమ్మతో పనికొచ్చి నా గది తలుపు దగ్గర నిలబడి వినేది. లోపలికి రమ్మన్నా. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయేది, ఇది చెబితే తెలిసేది. తర్వాత నాకు బొమ్మలేసుకోవాలనిపించి, పాఠాలు నువ్వే చూసుకో, నా పేరుకి హాజరు పలికితే చాలు అన్నా. అంతే టీచర్."

"ఏంటి, అందరూ అక్కడే ఉండిపోయారు?" వరండాలోంచి కాంట్రాక్టరు గారి భార్య కేక. ఆమె గొంతులో కూడా ఏదో పసిగట్టిన ధోరణి ఉంది.

"చేతులు కడుక్కుంటున్నానండీ," అని టీచరు కుళాయి తిప్పింది.

ఇంటికి వచ్చి జరిగిందంతా చెబితే వాళ్ళాయన ఈసారి నవ్వలేదు. "ఎవరి పేరు పంపుతావు మరి?" అన్నాడు.

"అదే తెలియడం లేదు. బయటపెడితే ఒకరి బదులు ఇంకొకరు కూర్చున్నారని ఇద్దరి పేర్లూ కొట్టేస్తారు. దాస్తే చదివిందొకరు, సీటు ఇంకొకరిది. రోజూ హాజరైన పిల్లకేమో నా చేత్తో నేనే సున్నాలు చుట్టా."

రెండు రోజులు ఆలోచించి హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళింది. ఖాళీ బళ్ళో ఆయన ఒక్కరే బల్లలకి మందు కొడుతున్నారు. అంతా విని ముఖం అదోలా పెట్టారు.

"కెమెరా ఆపేసి ఉందంటున్నావు, మరి అక్కడ కూర్చున్నది ఎవరో నీకెలా తెలుసు?"

"నా కళ్ళతో చూశాను సార్."

"ఒక్క రోజు చూశావు. కాంట్రాక్టరు గారి మీద ఏదన్నా మనసులో పెట్టుకున్నావా? మొన్న ఫోన్లో వాళ్ళావిడ ఏదో అందని..."

"సార్!"

"సరే, సరే. అయినా పదిహేడు పేరే పంపితే ఎవరికి నష్టం చెప్పు? పట్టీ ప్రకారం ముప్ఫైనాలుగు అసలు తరగతిలోనే లేదు."

"అందుకే అడుగుతున్నాను. నలభై రెండు మందికీ కాగితం మీద ఒక పరీక్ష పెడదాం. వరండాలో, అయిదేసి మందికి, దూరం దూరంగా. ఫోన్ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరికీ ఒకటే పేపరు. దాన్ని బట్టి పేరు పంపుదాం. ఎవరూ మనల్ని వేలెత్తి చూపరు."

ఆ చివరి మాట ఆయనకి నచ్చింది. గొణుక్కుంటూనే సరేనన్నారు.

ఫోన్ ఉన్నవాళ్ళకి కబురు క్షణంలో చేరిపోయింది. లేని పదహారు మంది కోసం టీచరు మూడు రోజులు కాలినడకన తిరిగింది. ఎక్కడికెళ్ళినా తలుపు సగమే తెరుచుకునేది. "ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు పరీక్ష? ఫెయిల్ చేసి పేర్లు తీసేయడానికేగా?" అని ఒక తండ్రి నిలదీశాడు. "మా పిల్ల అసలేమీ చదవలేదు, రాస్తే దాని పరువు పోతుంది," అని ఒక తల్లి తలుపు వేసేసింది. ఒకమ్మాయి సీసాలు కడిగే షెడ్డులో వేళ్ళు నీళ్ళకి నాని తెల్లబడిపోయి కనిపించింది. టీచరుని చూసి చేతులు వెనక్కి దాచుకుంది. ఇన్నాళ్ళూ తను కాగితం మీద చుట్టిన ఒక్కో సున్నా వెనకా ఒక్కో ఇల్లు ఉందని ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది.

చివరగా వంటమనిషి ఇంటికి వెళ్ళింది. అద్దె గదుల వరసలో ఆఖరి గది. వంటమనిషి లోపలికి రమ్మనలేదు.

"ఏమీ అనుకోకండి టీచరమ్మా. పరీక్ష పేరుతో రప్పించి, హెడ్మాస్టరు గారి ముందు మా పిల్లని నిలబెట్టి ఒప్పిస్తారేమోనని నా భయం. ఉన్నది ఒక్క ఇల్లు. అది కూడా పోతే మేం ఎక్కడికి పోవాలి?"

"అలాంటిదేం లేదు. నన్ను నమ్ము."

"అప్పుడు యాభై వస్తే మీరు నమ్మారా?"

తల్లి వెనక, గోడ పక్కన కూర్చున్న పిల్ల తలెత్తలేదు. "అప్పుడు తప్పు నాదే. నీ ముందూ ఒప్పుకుంటున్నా, దాని ముందూ ఒప్పుకుంటున్నా," అని వచ్చేసింది టీచరు.

పరీక్షలు మొదలయ్యాయి. అయిదుగురు అయిదుగురుగా పిల్లలు గేటు దగ్గర చేతులు చాపి శానిటైజరు పోయించుకుని, గీసిన గళ్ళల్లో కూర్చుని రాసి వెళుతున్నారు. లేని పదహారు మందిలో పది మంది వచ్చారు. వాళ్ళలో ముప్ఫైనాలుగో నెంబరు లేదు. పదిహేడో నెంబరు మూడో రోజు కారులో వచ్చి, అరగంటలో రాయడం ముగించి, మిగతా సమయమంతా వరండా స్తంభాన్ని చూస్తూ కూర్చుంది.

ఆఖరి రోజు ఆఖరి జట్టు పేపర్లు ఇచ్చి పది నిమిషాలు గడిచాక గేటు చప్పుడైంది. ముప్ఫైనాలుగో నెంబరు. పరిగెత్తుకుంటూ వచ్చినట్టు ఆయాసపడుతోంది.

"అమ్మ వద్దంది టీచర్. నేనే వచ్చా. ఆలస్యమైందని పంపించేస్తారా?"

"కూర్చో," అంది టీచరు. పేపరిచ్చి, దూరంగా వెళ్ళి కావాలనే గోడ వైపు తిరిగి నిలబడింది.

పిల్లకి యాభైకి నలభై తొమ్మిది వచ్చాయి. తొందరలో ఒక్క చోట తీసివేత గుర్తు కూడికయింది. మందుల షాపు వాళ్ళబ్బాయికి నలభై ఒకటి. పదిహేడో నెంబరుకి పదకొండు.

ఆ పదకొండు చూసి కాంట్రాక్టరు గారి భార్య కూతుర్ని వెంటబెట్టుకుని బడికి వచ్చేసింది. "ఫోన్లో నూటికి తొంభైలు వచ్చిన పిల్లకి కాగితం మీద పదకొండా? ఇందులో ఏదో మతలబు ఉంది. ఈవిడకి మొదట్నుంచీ మా అమ్మాయంటే పడదు. పేపరు మార్చేశారు!"

హెడ్మాస్టరు గారు లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచారు. లెక్కల టీచరు పేపరు తీసి బల్ల మీద పెట్టింది గానీ నోరు విప్పలేదు. పిల్ల మాట పిల్లే చెప్పాలనుకుందో, చెప్పకపోతే బాగుండుననుకుందో ఆమెకే తెలియదు.

"పేపరు నాదేనమ్మా," అంది పదిహేడో నెంబరు తల్లి వెనకనుంచి. "ఇన్నాళ్ళవే నావి కావు."

ఆ సాయంత్రానికల్లా వంటమనిషిని పనిలోంచి తీసేశారు. ఫోన్ లాక్కున్నారు. సామాన్ల గదికి తాళం వేశారు. పదిహేడో నెంబరుకి ఇంటికొచ్చి చెప్పే మాస్టారుని కుదిర్చారు.

సంగతి తెలిసి టీచరు పరిగెత్తుకుంటూ వెళ్ళింది. వంటమనిషి ఈసారి లోపలికి రమ్మంది, స్టూలు కూడా వేసింది. కానీ మాట కటువుగానే ఉంది. "మీరు మంచి చేద్దామనే చేశారు, కాదనను. మీరు ఆ రోజు ఆ సందులోకి రాకపోతే నా పని ఉండేది. అది కూడా నిజమే కదా టీచరమ్మా?"

"నిజమే," అంది టీచరు.

తర్వాత తనకి తెలిసిన నాలుగు చోట్ల అడిగింది. ఇద్దరు ఫోన్‌లోనే వద్దన్నారు. పదిహేను రోజులకి ఒక ఆసుపత్రి క్యాంటీన్‌లో చోటు దొరికింది. అది కూడా టీచరు చెప్పినందుకు కాదు, అక్కడి పాత మనిషి జబ్బు పడినందుకు.

ఈలోగా ప్రతిభా పరీక్షకి పేరు పంపే గడువు వచ్చింది. ముప్ఫైనాలుగుకి మార్కులున్నాయి గానీ హాజరు లేదు. టీచరు ఒక ఉత్తరం రాసింది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పదిహేడో నెంబరు పేరు మీద పాఠాలకి హాజరైన విద్యార్థిని ముప్ఫైనాలుగో నెంబరు అని, అందుకు తానే సాక్షినని, ఆ పిల్ల గడిలో 'ఆసక్తి లేదు' అని రాసినది తన పొరపాటని, కాంట్రాక్టరు గారమ్మాయిది పిల్లచేష్ట తప్ప నేరం కాదని. హెడ్మాస్టరు గారు చదివి కళ్ళజోడు తీశారు.

"రేపు ఎవరన్నా విచారణకి వస్తే నీ ఉద్యోగానికే ముప్పు, తెలుసా?"

"తెలుసు సార్."

"నేను సంతకం పెట్టను. అలాగని ఆపను కూడా. కవరులో పెట్టి నువ్వే పంపుకో." అని ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

పేరు ఒప్పుకున్నట్టు కబురు వచ్చాక అసలు చిక్కు తెలిసింది. ప్రతిభా పరీక్ష కూడా ఫోన్‌లోనే రాయాలట. కెమెరా ఆపకూడదట, గదిలో ఇంకెవరూ ఉండకూడదట. వాళ్ళాయన ఆ నిబంధన చదివి, "ఫోన్ లేనివాళ్ళకి సీటివ్వడానికి ఫోన్‌లో పరీక్ష పెట్టిన బుర్రకి దండేసి దండం పెట్టాలి," అన్నాడు.

పరీక్ష రోజున టీచరు తన పాఠాలకి సెలవు పెట్టి, వంటింట్లో బల్ల వేసి, తన ఫోన్ పిల్ల చేతికి ఇచ్చింది. పిల్ల బల్ల ముందు కూర్చుని చుట్టూ చూసింది. నల్లరంగు బీరువా తలుపు మీద నిన్నటి లెక్కలు ఇంకా ఉన్నాయి.

"టీచర్, అది తుడిచేయండి. దాన్ని చూసి రాశానంటారు."

టీచరు తుడిచేసింది.

"తలుపు బయట గొళ్ళెం పెట్టండి. మధ్యలో బయటికొచ్చి మిమ్మల్ని అడిగానంటారు."

పదమూడేళ్ళ పిల్ల ఇన్ని అనుమానాలు ఎక్కడ నేర్చిందని అడగాల్సిన అవసరం టీచరుకి లేకపోయింది. బయట గొళ్ళెం పెట్టి, వాళ్ళాయనతో పాటు మెట్ల మీద కూర్చుంది. గంటన్నరలో ఒకసారి నెట్ పోయింది. లోపల పిల్ల "అయ్యో" అన్నది వినపడింది. టీచరు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. వాళ్ళాయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆరు నిమిషాలకి మళ్ళీ వచ్చింది.

మొదటి జాబితాలో పిల్ల పేరు లేదు. వంటమనిషి ఫోన్ చేసి, "మేం ముందే అనుకున్నాంలెండి," అంది. నెలన్నర తర్వాత రెండో జాబితాలో ఆఖరు నుంచి మూడో పేరు ఆ పిల్లది. హాస్టలుకి బయల్దేరేముందు పిల్ల వచ్చి కనబడింది. కొత్త చెప్పులు కరుస్తున్నాయని చెప్పింది. కాంట్రాక్టరు గారమ్మాయి దానికి రంగు పెన్సిళ్ళ డబ్బా ఒకటి పంపిందట, వాళ్ళమ్మకి తెలియకుండా.

బళ్ళు తెరిచేనాటికి హాస్టలుకి వెళ్ళిన పిల్ల పోను బి సెక్షన్‌లో ముప్ఫై ఏడు పేర్లే మిగిలాయి. పరీక్షకి రాని అయిదుగురిలో నలుగురివి కొట్టేశారు. విచారణకి ఎవరూ రాలేదు. టీచరు తన పట్టీలో ఆ నాలుగు గీతల కింది పేర్లు ఒక కాగితం మీద దించుకుని, మొదటి శనివారం మధ్యాహ్నం బయల్దేరింది.

వాటిలో మొదటి ఇల్లు, ఆనాడు తలుపు వేసేసిన తల్లిది. ఈసారి కూడా తలుపు బెత్తెడే తెరుచుకుంది. సందులోంచి ఒక కన్ను ఆమెని పైనుంచి కిందికి చూసింది.

"మళ్ళీ ఎందుకొచ్చారు? పేరు తీసేశారుగా?"

"తీసేశారు. మళ్ళీ రాయించడానికి వచ్చా."

"దానికి ఏమీ రాదు. తొమ్మిది నెలలైంది పుస్తకం ముట్టి."

"రాదని నాకు తెలుసు. సాయంత్రాలు మా ఇంటికి పంపండి, మొదట్నుంచి చెబుతాను."

"ఊరికేనా?" ఆ కన్ను ఇంకా చిన్నదైంది. "దీంట్లో మీకేంటి?"

టీచరు ఎండలో నిలబడి ఆలోచించింది.

"రేపు మీరు కూడా వెంట రండి," అంది చివరికి. "పక్కనే కూర్చుని చూడండి. నచ్చకపోతే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోండి."

తలుపు మూసుకోలేదు, తెరుచుకోనూ లేదు. లోపల్నుంచి ఒక పిల్ల గొంతు, "ఎవరమ్మా?" అని అడిగింది.